స్టేషనులో కత్తెరమ్మ స్టాలు

మా అక్క చనిపోయి నిన్నటికి నలభై రెండు రోజులు. ఉదయం పదీ ముప్పావుకి తన కుట్టు షాపులో నిలబడి ఒక నల్ల ప్యాంటు ఇస్త్రీ చేస్తుంటే పైనుంచి స్లాబు ఊడి మీద పడింది. పెచ్చు కాదు, మంచమంత ముక్క. అందరూ ప్రమాదం అన్నారు. మొదటి మూడు వారాలూ నేనూ అదే మాట అన్నాను.

వీధిలో ఆమెని కత్తెరమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది మా బావే. ఆయన సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళయిన కొత్తలో ఆయన చొక్కా ఒకటి పాడైపోయిందని, అడక్కుండానే దాన్ని కత్తిరించి రెండు దిండు గలీబులు చేసిందట. "అది నాకు అచ్చొచ్చిన చొక్కా" అని బావ ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉండేవాడు. "అచ్చొచ్చింది కాబట్టే దాని మీద పడుకుంటున్నారు, ఇంకేం కావాలి" అనేది అక్క.

ఇల్లు బస్సు రోడ్డుని ఆనుకుని ఉన్న వరసలో ఉంటుంది. ముందు గది షాపు, వెనక రెండు గదుల్లో సంసారం. వాళ్ళకి పిల్లల్లేరు. షాపులో రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా ఇనప కడ్డీ, దానికి వేలాడే బట్టలు. ప్రతి బట్టకీ గుండుసూదితో గుచ్చిన చీటీ ఉండేది. చీటీ మీద పేరుండదు. "గట్టిగా నవ్వే ఆయన", "స్కూటరు టీచరు", "డబ్బు రేపిస్తానన్నాయన" అని ఉండేది. ఎవరి చీటీ వాళ్ళు చదువుకుని నవ్వుకునేవాళ్ళు, ఆ మూడో ఆయన తప్ప.

ఎక్కువగా ప్యాంట్లు పొట్టి చెయ్యటం, జిప్పులు మార్చటం, స్కూలు యూనిఫాంలు వదులు చెయ్యటం ఆమె పని. కొత్త ప్యాంటు తెచ్చినవాళ్ళని పాత ప్యాంటు కూడా తెమ్మనేది. పాతదాని అంచు ఏ పక్క అరిగిందో వెలుగులో పెట్టి చూసి, ఆ మనిషి ఏ కాలు మీద భారం వేసి నడుస్తాడో చెప్పేది. ఆ కాలు వైపు పావంగుళం ఎక్కువ మడిచేది. ఆ సంగతి వాళ్ళకి చెప్పేది కాదు. "చెబితే కుంటుతున్నానేమో అనుకుని రేపట్నుంచి నిజంగానే కుంటుతారురా" అనేది నాతో.

నగరం నుంచి వచ్చే లైట్ రైలు మా వైపు నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఇంకో ఆరు కిలోమీటర్లు మా శివారు దాకా పొడిగిస్తామని తొమ్మిదేళ్ళ క్రితం చెప్పారు. చెప్పిన నెలలోనే సర్వేయరు వచ్చాడు. పసుపు సేఫ్టీ కోటు, మెడలో గుర్తింపు కార్డు, వెనక టేపు పట్టుకున్న ఇద్దరు మనుషులు. వరసలో ఉన్న పంతొమ్మిది ఇళ్ళనీ కొలిచి ఒక్కో గోడ మీద ఎర్ర రంగుతో ఒక్కో నంబరు వేశాడు. లైను మొదట్నుంచీ వేసుకొస్తున్న లెక్కలో మా అక్క ఇంటికి ఎల్-27 వచ్చింది.

ఆ రోజు నేనక్కడే ఉన్నాను. వరసంతా లైన్లో పోతుందనీ, ఇళ్ళకి పరిహారం వస్తుందనీ, నడుస్తున్న షాపులకి అదనంగా కొత్త స్టేషనులో ఒక స్టాలు ఇస్తారనీ ఆయన చెప్పాడు.

"నడుస్తున్న షాపు అంటే?" అని అడిగింది అక్క.

"మేం వచ్చిన రోజు తెరిచి ఉండాలమ్మా. మూసి ఉంటే ఇల్లని రాసుకుంటాం. ఏడాదికోసారి వచ్చి చూస్తాం. చెప్పి మాత్రం రాం."

"చెప్పకుండా వస్తే మీకు టీ పాలెక్కడివండీ?"

ఆయన నవ్వాడు. అక్క నవ్వలేదు. ఆమె అప్పటికే స్టేషనులో కూర్చుంది.

మర్నాటికి షాపు నేల మీద సుద్దతో ఒక గడి గీసి ఉంది, ఎనిమిదడుగులకి ఆరడుగులు. స్టాలు కొలత అదేనట. ఒక మిషను అందులోకి జరిపింది, ఇస్త్రీ బల్ల అడ్డంగా తిప్పింది, కుర్చీ వేసుకుని కూర్చుని చేతులు చాపి చూసుకుంది. బావ డ్యూటీ దిగొచ్చి గీత బయట ఆగాడు.

"లోపలికి రావచ్చా, టికెట్టు కొనాలా?"

"స్టాఫుకి పాసుంటుంది, రండి."

"ఈ గడిలో ఊపిరాడుతుందటే?"

"మీ డ్రైవరు సీటు కంటే పెద్దది. మనుషులు పొద్దున రైలెక్కేటప్పుడు ప్యాంటు ఇచ్చి పోతారు, సాయంత్రం దిగేటప్పుడు పట్టుకుపోతారు. ఇక్కడైతే నాకు ఈ వీధి వాళ్ళే. అక్కడ ఊరంతా నా ముందు నుంచే పోవాలి."

అరవై ఏళ్ళకి దగ్గర పడుతున్న మనిషి. అంత వెలుగు నేనామె మొహంలో అంతకుముందు చూళ్ళేదు.

తర్వాత ఆలస్యాలు మొదలయ్యాయి. టెండరు పిలిస్తే ఒక్కడే వేశాడని రద్దు చేశారు. సగం డబ్బు పైనుంచి రావాలి, సగం నగరం పెట్టుకోవాలి అని తేలింది. మీరు పెడితే మేం పెడతామని వాళ్ళు, వాళ్ళు పెడితే మేం పెడతామని వీళ్ళు. ఏదో బయటి దేశపు బ్యాంకు అప్పిస్తానంది. దాని మనుషులు హెల్మెట్లు పెట్టుకుని వచ్చి మా వీధిలో ఫొటోలు దిగి వెళ్ళారు, మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా ఖర్చు రెండింతలైందనీ, రిపోర్టు మొదట్నుంచీ మళ్ళీ రాయాలనీ అన్నారు.

"కత్తెరమ్మా, రైలెప్పుడు?" అని షాపుకొచ్చిన ప్రతివాడూ అడిగేవాడు.

"మీ ప్యాంటు అయ్యేలోపు వస్తుంది."

"అయితే రాదన్నమాట."

"ఆ మాటకి మీ ప్యాంటు ఇంకో రెండు రోజులు."

బావైతే మరీను. "నా రిటైర్మెంటు ముందొస్తుందా, నీ రైలు ముందొస్తుందా, పందెం" అనేవాడు. పందెం ఆయనే గెలిచాడు. రిటైరైన రోజు ఇంటికొచ్చి, "ఇప్పుడు నీ రైలుకి డ్రైవరు కూడా ఖాళీగా ఉన్నాడని ఆఫీసులో చెప్పు" అన్నాడు.

ఆమె ఆఫీసుకి వెళ్ళేది కూడా. మూడు నెలలకోసారి, షాపుకి వారం సెలవని సర్వేయరు కూడా రాసుకున్న సోమవారం, రెండు బస్సులు మారి. ఆరో కిటికీ దగ్గర ఒక గుమాస్తా ఉండేవాడు. ఒకసారి ఆయన చొక్కా చేతి బొత్తాం ఊడి వేలాడుతుంటే, సంచిలోంచి సూదీ దారం తీసి కిటికీలోంచే కుట్టిందట. ఇంటికొచ్చి చెప్పింది. "ఏమన్నాడు?" అన్నాను. "నిధులు రావాలమ్మా అన్నాడు. ఎప్పుడూ అదే కదా. పాపం, ఆయన చేతిలో ఏముంది?"

స్లాబు సంగతి నాలుగో ఏట బయటపడింది. ముందు గది పైకప్పు పాతది. వానలకి ఒక మూల తడి దిగింది, తర్వాత సున్నం ఉబ్బింది, తర్వాత పెచ్చులు రాలి లోపలి ఇనప చువ్వలు కనిపించాయి. తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. బావ మేస్త్రీని పిలిచాడు. ఆయన సుత్తి వెనక భాగంతో పైకప్పుని అక్కడా అక్కడా కొట్టి విన్నాడు. మూల దగ్గరే కాదు, గది మధ్యదాకా డొల్ల మోగింది.

"దీనికి పూత పూస్తే లాభం లేదమ్మా. కొట్టేసి కొత్తది పొయ్యాలి. రెండు నెలలు గది ఖాళీ చెయ్యాలి."

"రెండు నెలలు షాపు మూయాలా?"

"మరి పైకప్పు లేకుండా ఎలా కుడతారు?"

అక్క కాసేపు పైకి చూసింది. "ఆ రెండు నెలల్లో వాళ్ళొచ్చి చూస్తే నాది ఇల్లని రాస్తారు" అంది.

తప్పు అక్కడుంది. దాన్ని తప్పు అనటానికి నాకిప్పుడు కూడా నోరు రావట్లేదు, ఎందుకంటే వీధి వీధంతా అదే చేసింది. నాలుగిళ్ళ అవతల పచారీ కొట్టాయన ఒకసారి షట్టరు మార్పిస్తూ పది రోజులు మూశాడు. సరిగ్గా అప్పుడే తనిఖీ వచ్చింది. ఆయన నంబరు పక్కన ఇల్లని రాసి వెళ్ళిపోయారు. ఆయన కాళ్ళరిగేలా తిరిగినా మార్చలేదు. ఆనాటి నుంచి వరసలో ఎవరూ మేకు కూడా కొట్టలేదు. షాపుల్లేని వాళ్ళు సైతం భయపడ్డారు. కొలతల పుస్తకంలో ఉన్నదానికీ గోడకీ తేడా వస్తే ఫైలు అడుక్కి పోతుందని ఎవరో అన్నారు, అందరూ నమ్మారు. ఎవరింటికి సున్నం వేసినా ఆ ఎర్ర నంబరు చుట్టూ వదిలేసి వేసేవాళ్ళు. రంగు వెలిసిపోతే మా అక్క చిన్న కుంచెతో తన నంబరు తనే దిద్దుకునేది.

బావ పోట్లాడాడు. రోజూ పోట్లాడాడు. ఒకరోజు నా ముందే గొంతు పెంచాడు.

"స్టాలు కోసం నెత్తి మీద స్లాబు పెట్టుకుని కూర్చుంటావా? నీకేమైనా మతుందా?"

"ఎన్నాళ్ళండీ, ఏడాది. ఏడాది ఆగలేరా? మిషను ఇటు జరుపుకుంటాను."

"నువ్వు చెప్పరా బావమరిదీ, మీ అక్కకి."

నేను ప్రెస్సులో ప్రూఫులు చూసుకునేవాణ్ణి. పేపర్లు చదివేవాణ్ణి గనక నా మాటకి ఆ ఇంట్లో కాస్త విలువుండేది. "రిపోర్టు అయిపోయిందంటున్నారక్కా, ఒక ఏడాది చూడొచ్చేమో" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

మిషను రెండడుగులు జరిగింది. ఏడాది తర్వాత ఇంకో రెండడుగులు. కస్టమర్లు నిలబడే చోటు మారింది. ఆ మూల కింద ఎవరైనా నిలబడితే, "ఇటు రండి, వెలుగుంది" అని పిలిచేది. ఐదో ఏడు తనిఖీకి ఎవరూ రాలేదు. ఆరో ఏడూ రాలేదు. దానికి ఆమె చెప్పుకున్న అర్థం ఒకటే: చెప్పకుండా వస్తామన్నారు కదా, ఇక ఏ రోజైనా రావచ్చు. జ్వరమొచ్చినా షాపు తెరిచేది. మా అమ్మ పోయిన రోజు కూడా షట్టరు సగం ఎత్తి వచ్చింది.

ఈ ఏడు పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చింది, లైట్ రైలు పొడిగింపుకి నిధులు మంజూరు అని. రెండు నెలల్లో పనులు మొదలు. ఆ సాయంత్రం వీధిలో అందరూ బయటికొచ్చి మాట్లాడుకున్నారు. అక్క ఆ కాగితం కత్తిరించి మిషను పక్కన గోడకి గుచ్చింది. "చూశావా, ఏడాది అన్నావు, ఐదారేళ్ళయింది, అయినా వచ్చింది" అంది నాతో. నవ్వుతూనే అంది. అది జరిగిన ఐదో రోజు పదీ ముప్పావుకి స్లాబు పడింది. అప్పటిదాకా ఆమె తప్పించుకు తిరిగిన మూల పక్కన కాదు, గది మధ్యలో, భద్రమని ఇస్త్రీ బల్ల వేసుకున్న చోట.

బావ వెనక గదిలో ఉన్నాడు. నేను వెళ్ళేసరికి వీధి వాళ్ళు చువ్వలు పట్టుకుని లాగుతున్నారు. దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. ఇస్త్రీ పెట్టె వేడి మీదే ఉంది. అంతకు మించి రాయలేను.

అక్క పోయిన మూడు వారాలకి బావ అన్నాడు, "షాపు కూలిందని ఆఫీసులో చెప్పాలి కదా. లేకపోతే తర్వాత మనం దాచామంటారు. నంబరు చెప్పి రా. స్టాలు ఎవరికిస్తారో కూడా అడుగు. ఇస్తామంటే, మీ అక్క పేరు మీదే ఎవరైనా కుట్టుకునేవాళ్ళకి ఇద్దాం."

నేను ఆరో కిటికీ దగ్గరికి వెళ్ళాను. నంబరు చెప్పాను. గుమాస్తా కంప్యూటర్లో వెతికాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను.

"ఎల్ సిరీసా? అది మూసేశారండీ."

"మూసేశారంటే?"

"ఆ వీధి లైన్లో లేదండి ఇప్పుడు. అలైన్‌మెంటు కాలవ గట్టు మీదికి మారింది. అక్కడంతా ప్రభుత్వ స్థలం, ఇళ్ళు కొట్టక్కర్లేదు, ఖర్చు తగ్గుతుందని. నిధులు సరిపోకే మార్చారు."

"ఎప్పుడు మార్చారు?"

ఆయన తెర మీద వేలు పెట్టి చదివాడు. "నాలుగేళ్ళు దాటింది. నోటీసు బోర్డులో పెట్టారు. రెండు పేపర్లలో వేశారు."

పేపర్లు చదివేవాణ్ణి నేను. ఏ మూల వేశారో, ఏ రోజు వేశారో, నా కంట పడలేదు.

"మా అక్క మూడు నెలలకోసారి వచ్చేది మీ దగ్గరికి" అన్నాను. "కుట్టు షాపు. ఒకసారి మీ బొత్తాం కుట్టింది."

ఆయన తలెత్తాడు. "ఆవిడా? ఈ మధ్య రావట్లేదేం?"

చెప్పాను. ఆయన తెర మీంచి వేలు తీసేశాడు. "రైలెప్పుడొస్తుందని ఆవిడ అడిగేదండీ. నేను నిధులు రావాలని చెప్పేవాణ్ణి. నిజంగానే నిధులు రాలేదు" అన్నాడు.

"ఏ వీధి అని మీరెప్పుడూ అడగలేదా?"

"ఆవిడ చెప్పలేదండీ" అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. అప్పటికే తన గోడ మీద నంబరుంది, తన వీధి ఉందా లేదా అని ఆమె ఎందుకు అడుగుతుంది?

కొత్త లైను పటం ఒక కాగితం మీద తీసి ఇచ్చాడు. కాలవ వెంట నీలం గీత. మా వీధికి అది కిలోమీటరు దూరంలో ఉంది.

బావకి చెప్పకుండా ఉండాలని దారంతా అనుకున్నాను. స్టాలు రాదు, గడువు దాటిందట, అని ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి కాగితం చేతిలోంచి తీసుకున్నాడు. ముప్పై రెండేళ్ళు ఈ ఊళ్ళో బస్సు నడిపిన మనిషి, పటం చదవటం ఎవరూ నేర్పక్కర్లేదు. కాలవ దగ్గర వేలు పెట్టాడు, మా వీధి దగ్గర ఇంకో వేలు పెట్టాడు.

"ఎన్నేళ్ళయింది?"

"నాలుగు దాటింది బావా."

తిడతాడనుకున్నాను, ఆఫీసునో, నన్నో. "ఆ సోమవారం మేస్త్రీ వచ్చాడు" అన్నాడు.

నాకర్థం కాలేదు. "ఏ సోమవారం?"

"స్లాబు పడిన ముందు రోజు. మీ అక్కే పిలిపించింది. పేపర్లో ఆ నిధుల వార్త రాకముందు చెప్పింది నాతో, ఇంక ఓపిక లేదండీ, స్టాలు పోతే పోయింది, కొట్టించేద్దాం అని. సోమవారం రమ్మని తనే కబురు చేసింది. ఈలోగా పేపర్లో వచ్చింది." ఆగాడు. "పొద్దున ఆవిడ బజారుకి వెళ్ళినప్పుడు మేస్త్రీ వచ్చాడు. ఇన్నేళ్ళు ఆగింది కదా, ఇంకో రెండు నెలలేగా అని నేనే పంపించేశాను. గోడకి ఆ పేపరు ముక్క గుచ్చుకుని అంత సంతోషంగా ఉంటే... ఆవిడకి చెప్పలేదు కూడా. సాయంత్రం దాకా మేస్త్రీ రాలేదేమిటని చూసింది."

ఆరేళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరిన మనిషి. ఒక్క రోజు ఆమె కల వైపు మొగ్గాడు. నేనెప్పుడో అన్న ఏడాది, ఆయన ఆగుదామన్న రెండు నెలలు, రెండూ మా ఇద్దరి మధ్యా అరుగు మీద కూర్చుని ఉన్నట్టనిపించింది.

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. వెంట వెళ్ళాను. వరసలో మొదటి ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాడు. "రైలు ఇటు రాదు. పైకప్పు బాగుచేయించుకోండి" అన్నాడు. పటం చూపించాడు. రెండో ఇల్లు, మూడో ఇల్లు. పచారీ కొట్టాయన పటం చూసి లోపలికెళ్ళి కూర్చున్నాడు. మిగతావాళ్ళు వినేవాళ్ళు, తలూపేవాళ్ళు, ఆయన వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, "పాపం, ఆవిడ పోయాక మనిషి అదోలా అయిపోయాడు, కాస్త కనిపెట్టుకుని ఉండు బాబూ" అనేవాళ్ళు. నిధులొచ్చాయని పేపర్లో వాళ్ళ కళ్ళతో చూశారు మరి.

పన్నెండో ఇంటి పెద్దమ్మ గుమ్మం బయటికొచ్చి మాట్లాడింది. ఆమె నెత్తి మీదే చూరు స్లాబు కిందికి వంగి ఉంది, చువ్వలు వేలాడుతున్నాయి.

"వాళ్ళు కాగితం మీద సంతకం పెట్టి ఇస్తేనే ముట్టుకుంటాను నాయనా. తొమ్మిదేళ్ళు ఆగాను. నోటిమాట మీద ఎట్లా కదిపేది?"

"సంతకం నేను తెచ్చిస్తాను పెద్దమ్మా" అన్నాను.

"తే, అప్పుడు చూద్దాం. అసలు ఆ గుమాస్తాకేం తెలుసు? మా కోడలు ఏమందంటే..."

బావ ఆమె మాట వినట్లేదు. పైకి చూస్తున్నాడు. ముందుకెళ్ళి ఆ పెద్దమ్మ మోచెయ్యి పట్టుకుని ఎండలోకి నాలుగడుగులు నడిపించుకొచ్చాడు.

"ఇక్కణ్ణుంచి చెప్పండి" అన్నాడు. "వింటాను."